డాబా మీద చోటు

మా పై ఫ్లాట్‌లోకి బెంగుళూరు నుంచి కొత్తగా ఒక కుటుంబం దిగింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఒక పాప. దిగిన మర్నాడే ఆ అమ్మాయి లిఫ్టులో నన్ను పట్టుకుని, "ఆంటీ, ఇక్కడ వెదర్ మరీ ఇలాగే ఉంటుందా? మనుషులు ఫ్రెండ్లీగా ఉంటారా? పాపకి సెట్ అవుతుందా?" అని వరసపెట్టి అడిగింది. బెజవాడ భవానీపురంలో మే నెల. పొద్దున్నే లిఫ్టులో ఇడ్లీపాత్ర మూత తీసినట్టు ఆవిరి. నేను "అలవాటైపోతుందమ్మా" అనేసి, నా అంతస్తు రాగానే దిగిపోయాను. ఇంట్లోకొచ్చి ఏసీ వేసుకుని కూర్చున్నాక తట్టింది, ఆ పిల్ల మూడు అడిగితే నేను ఒక్కదానికే జవాబు చెప్పానని.

మేమూ ఒకప్పుడు ఇలాగే చలి ఊరి నుంచి ఈ ఊళ్ళో దిగినవాళ్ళమే. నీలగిరి కొండల్లో, టీ తోటల మధ్య చిన్న ఊరు మాది. తాతల కాలంలో చిత్తూరు వైపు నుంచి ఆ కొండ ఎక్కిన తెలుగువాళ్ళం. నాన్న ఒక టీ కంపెనీలో గుమాస్తా. కోస్తాలో టీ తాగడం మరిగారని కంపెనీవాళ్ళు బెజవాడ వన్ టౌన్‌లో ఒక గోడౌను తెరిచి, దాన్ని చూసుకోమని నాన్నని పంపారు. అప్పటికి నేను పదేళ్ళు దాటినదాన్ని, తమ్ముడు ఇంకా పాలు తాగే పసివాడు.

సామానంతా టీ పెట్టెల్లో సర్దుకొచ్చాం. లోపల వెండికాగితం అంటించిన పలచటి చెక్కపెట్టెలవి. తర్వాత చాలా కాలం అవే మాకు బల్లలు, కుర్చీలు, బియ్యం పోసుకునే డబ్బాలు. స్టేషన్లో ఒక పెట్టె ఎత్తిన కూలీ "ఇంత తేలిగ్గా ఉందేంటమ్మా, ఏముంది ఇందులో?" అని అడిగాడు. అమ్మ "ఉన్ని స్వెట్టర్లు" అంది. అతను పెట్టె కిందపెట్టి మరీ నవ్వాడు.

కొండమీద మనుషులు తలుపులు మూసుకుని బతికేవారు. చలి అలాంటిది. పక్కింటి ముసలామె ఎదురైతే తల ఊపేది, అంతే, మాట ఉండేది కాదు. తమ్ముడు పుట్టిన వానాకాలంలో మాత్రం రోజూ పొద్దున మా గుమ్మంలో ఎండుకట్టెల మోపు ఒకటి ఉండేది. ఎవరు పెడుతున్నారో అమ్మ అడగలేదు, ఆమె చెప్పలేదు. మేం ఊరు వదిలే రోజున అమ్మ వెళ్ళి ఆమె చేతులు పట్టుకుంటే "పోయిరా" అని లోపలికి వెళ్ళిపోయింది. చలిదేశపు మనుషులకి ప్రేమలుండవని అప్పుడు నేను తీర్మానించుకున్నాను.

బెజవాడలో అంతా తలకిందులు. గాలి కోసం తలుపులన్నీ బార్లా తెరిచి ఉంటాయి. గాలి రాదు గానీ మనుషులు వస్తారు. మేం దిగింది వన్ టౌన్‌లో కొండవైపు సందులో ఒక ఇల్లు. మధ్యలో చప్టా, చుట్టూ నాలుగైదు వాటాలు, ఒక మూల నీళ్ళతొట్టి, పైన డాబా. పెద్ద వాటాలో ఇంటిగలావిడ ఉండేది. రిక్షా నుంచి పెట్టెలు దించకముందే ఆవిడ పెద్ద చెంబుతో మజ్జిగ పట్టుకొచ్చింది. అల్లం దంచి, నిమ్మాకు నలిపి వేసిన మజ్జిగ. ఆ వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నాకు ముందు ఆవిడే గుర్తుకొస్తుంది, తర్వాతే దాహం.

"అయ్యో, పసిగుడ్డుతో ఈ ఎండల్లో వచ్చారా? మీరేం మొహమాటపడమాకండి. అద్దెకున్నవాళ్ళని నేను పరాయివాళ్ళనుకోను. నువ్వు నాకు చెల్లెలు లాంటిదానివి" అంది. ఒకే ఊపులో మీరు కాస్తా నువ్వయింది. "మా పిల్లా మీ పిల్లా ఒక ఈడువాళ్ళే. కలిసి ఆడుకుంటారు."

అమ్మ పొంగిపోయింది. "చూస్తిరా, ఎంత మంచి మనుషులో. మన కొండమీద ఇట్ల పలకరించినోళ్ళు ఒకరన్నా ఉండారా?" అంది నాన్నతో. అమ్మ మాటలో సగం చిత్తూరు, సగం అరవం. "రొంబ ఎండ" అందంటే చప్టా మీదున్న ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వేవారు. "ఏదీ చెల్లెమ్మా, ఇంకోసారి అను" అని అనిపించుకుని మళ్ళీ నవ్వేవారు. అమ్మా వాళ్ళతోపాటు నవ్వేది. నాకు ఒళ్ళు మండేది.

ఎండ గురించి ఏం చెప్పను? ఇంటి వెనక కొండరాయి పగలంతా కాగి, పొద్దుగూకాక ఆ వేడినంతా మా సందులోకి వదిలేది. కాలువలు కట్టేసే రోజులు, కృష్ణలో ఇసుకే ఎక్కువ. బయటికెళితే వడదెబ్బ తగలకుండా జేబులో ఉల్లిపాయ పెట్టుకోమనేవారు. నాన్న చొక్కా విప్పితే టీ పొడి వాసన, ఉల్లిపాయ వాసన కలిసి వచ్చేవి. మజ్జిగతేట, సబ్జా నీళ్ళు, తాటిముంజలు, ఇవన్నీ ఇంటిగలావిడే అమ్మకి నేర్పింది. ముంజెతో చెమటకాయలు చల్లబడతాయని విని అమ్మ పొట్టు తీయకుండానే తమ్ముడి ఒంటికి రాయబోతే, పక్క వాటా ముసలాయన అడ్డం పడ్డాడు. "పొట్టు కాదమ్మా, నీళ్ళు రాయాలి. బెజవాడ వచ్చి ముంజె సంగతి తెలియకపోతే ఎలా?" అన్నాడు. పెద్దవాళ్ళ కబుర్లన్నీ ఎండ చుట్టూనే తిరిగేవి. "ఇదేం ఎండ? రోహిణీకార్తె రానీ, రోళ్ళు పగులుతాయి" అనేవారు, అదేదో వాళ్ళ ఇంటి గొప్పలాగా.

తమ్ముడికి ఆ ఎండ పడలేదు. చెమటకాయలు సెగగడ్డలయ్యాయి. మా వాటాలో ఫ్యాను లేదు, కొండమీద ఫ్యాను అనే వస్తువుతో మాకు పనేముంది? వాడు రాత్రింబవళ్ళు ఏడ్చేవాడు, పాలు తాగేవాడు కాదు. డాక్టరు చూసి, "మందుదేముందమ్మా, బిడ్డని గాలి తగిలేచోట పడుకోబెట్టండి, లేకపోతే కష్టం" అన్నాడు. గాలి తగిలే చోటు ఆ ఇంట్లో ఒక్కటే, డాబా. మెట్ల దగ్గర దానికో తలుపు, దాని తాళంచెవి ఇంటిగలావిడ బొడ్లో. ఆవిడ ఏమీ అడిగించుకోలేదు. దక్షిణపు మూల, కృష్ణ మీది గాలి తిన్నగా తగిలేచోట మా చాప వేయించింది. అది ఆ డాబాకంతటికీ మంచి చోటు. సాయంత్రం నీళ్ళు చల్లిన డాబా మీద తమ్ముడు మొదటిసారి ఏడవకుండా నిద్రపోతే, అమ్మ వాడి పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

ఇంటిగలావిడ కూతురు నాకు ప్రాణస్నేహితురాలైపోయింది. కొండమీద నాకు స్నేహితులు లేరు, పొగమంచులో ఎవరి దారి వారిది. మధ్యాహ్నం వన్ టౌన్ అంతా పడుకునేది. రిక్షావాళ్ళు గోడౌన్ల నీడకి చేరేవారు, ఆడవాళ్ళు తడిపిన గచ్చుమీద కొంగులు పరుచుకుని నిద్రపోయేవారు. ఆ వేళ రాజ్యం మా ఇద్దరిది. నిద్రపోతున్న ఇద్దరు పిన్నిగార్ల కొంగులు కలిపి ముడేసి, వాళ్ళు లేచి ఒకరినొకరు లాక్కుంటుంటే స్తంభం చాటున నోరు మూసుకుని నవ్వేవాళ్ళం. "మనం పెద్దయినా ఇలాగే ఉందాం" అని ఆ పిల్ల నా చేత ఒట్టు వేయించుకుంది.

ఆవకాయ రోజులొచ్చాయి. మా కొండమీద ఊరగాయంటే నిమ్మకాయే, అదీ చిన్న సీసాలో. ఇక్కడ అదొక యజ్ఞం. కాయలు కడిగి, గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, మళ్ళీ తుడిచారు. జాడీలు, గరిటెలు, తాంబాళాలు అన్నీ ఎండబెట్టారు. కత్తిపీట దగ్గర కూర్చునే మనిషి చెమట కూడా ముక్కమీద పడకూడదని తలకి గుడ్డ చుట్టుకుంది. "తడి తగిలిందా, ఏడాది కష్టం బూజు పాలు" అని ఇంటిగలావిడ అందరినీ హెచ్చరిస్తూ తిరిగింది. ఆవకాయ చెడితే ఆ ఇంట్లో ఆ ఏడు శుభం జరగదని ఆవిడ నమ్మకం. ఆ ఏడు ఆవిడ పెద్దకూతురు పురిటికి వస్తోంది కూడాను. అందుకే భయం మరీ ఎక్కువ. అమ్మని మాత్రం "నువ్వు కారం జల్లించు చెల్లెమ్మా, కలపడం మాకొదిలెయ్" అంది. అమ్మ తుమ్ముతూ, నవ్వుతూ, ముఖమంతా ఎర్రగా చేసుకుని జల్లించింది. కలపడం అయ్యాక తాంబాళానికి అంటుకున్న పిండిలో వేడన్నం వేసి కలిపి, చప్టా మీది పిల్లలందరికీ తలా ఒక ముద్ద పెట్టారు. ఆవఘాటు ముక్కు నుంచి నడినెత్తికెక్కింది. కళ్ళనీళ్ళతో ఇంకో ముద్దకి చెయ్యి చాపాను. "పర్లేదే, కొండపిల్ల మనలో కలిసిపోయింది" అన్నారెవరో. ఆ మాటకి నేనెంత మురిసిపోయానో చెబితే ఇప్పుడు నాకే సిగ్గు.

మూడోరోజు తిరగకలిపి, నూనె పోసి, జాడీల మూతులకి గుడ్డతో వాసెన కట్టి పచ్చళ్ళగదిలో పెట్టారు. ఆ మర్నాటి మధ్యాహ్నం మేమిద్దరం తొట్టిలో చేతులు ముంచి ఆడుకుంటున్నాం. ఆ పిల్ల ఉన్నట్టుండి "ఆవకాయ ముక్క తిందామా? ఇప్పుడైతే కరకరలాడుద్ది" అంది.

"మీ అమ్మ లేస్తే?"

"మా అమ్మ లేవాలంటే మెయిలు బండి వచ్చి కూతెయ్యాలి."

పచ్చళ్ళగది గుమ్మం దగ్గర నేను ఆగిపోయాను. అద్దెకున్నవాళ్ళు ఆ గడప దాటరని ఎవరూ చెప్పకుండానే మాకు తెలుసు. ఆ పిల్ల లోపలికెళ్ళి పెద్ద జాడీ వాసెన విప్పింది. "నీ చెయ్యి తడిగా ఉందే" అన్నాను. "ఏం కాదులే" అని మోచేతిదాకా ముంచింది. రెండు ముక్కలు తెచ్చి ఒకటి నా చేతిలో పెట్టింది. తినలేదని చెప్పను, తిన్నాను. చాలా బావుంది కూడా.

కాసేపటికి మరిచిపోయి అదే చెయ్యి కంట్లో పెట్టుకుంది. వాళ్ళమ్మ దగ్గరికి పోతే వీపు చీరుతుందని గుడ్డిగా మా వాటాలోకి పరిగెత్తింది. అమ్మ ఆ పిల్ల కన్ను కడిగి, చేతికి శనగపిండి రాసి మోచేతిదాకా రుద్దింది. నూనె, ఎర్రటి కారం గచ్చుమీద పారాయి. గదంతా ఆవవాసన.

"అమ్మకి చెప్పమాకండి పిన్నీ."

"చెప్పనులే, ఏడవబాకు" అని అమ్మ తన కొంగుతో ఆ పిల్ల ముఖం తుడిచింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. రెండు వేళ్ళకే కారం ఉంది. వాటినీ కడిగి వదిలేసింది.

రోహిణీకార్తె నడుస్తుండగా ఇంటిగలావిడ పెద్దకూతురి అత్తవారికి పంపడానికి ఆ జాడీ విప్పింది. పైనంతా తెల్లగా బూజు. ఆవిడ కేకకి వాటాలవాళ్ళంతా చప్టా మీదికొచ్చారు. ఆవిడ గబగబా చెంపలు వేసుకుంది. కోపం కాదు, నిజంగా భయపడింది.

"ఎవరే చెయ్యి పెట్టింది?" అని కూతుర్ని నిలదీసింది.

ఆ పిల్ల నేల చూసింది. నా వంక చూడకుండానే వేలు చూపించింది. "నేను వద్దన్నానమ్మా. ఆ పిల్లే వినలేదు."

 నాకు భయం వేయలేదు. ఆ చెయ్యి కడిగిన మనిషి నా పక్కనే నిలబడి ఉంది కదా, తనే చెబుతుందిలే అనుకున్నాను. అమ్మ మాట కోసం ఎదురుచూశాను.

ఇంటిగలావిడ గొంతు తగ్గించింది. ఎప్పటి గౌరవమూ, ఎప్పటి చుట్టరికమూ అలాగే ఉన్నాయి. "నిన్ను నేనేమీ అనను చెల్లెమ్మా. చిన్నపిల్ల, తెలియక చేసుంటుంది. కాకపోతే మా పెద్దపిల్ల వస్తోంది, చుట్టాలొస్తారు, డాబా మీద చోటు చాలదు. రేపట్నుంచి మీరు కింద సర్దుకోండి."

అమ్మ చంకలో తమ్ముడున్నాడు. సెగగడ్డలు అప్పుడప్పుడే మానుతున్నాయి. అమ్మ వాడి వీపు ఒకసారి నిమిరింది.

"మా పిల్లదే తప్పు అక్కయ్యా" అంది. "చలి ఊళ్ళో పెరిగింది, దానికి తడీ పొడీ తెలీదు. మీ ఇంటికి ఏ కీడూ రాకూడదు. ఏమే, అక్కడ్నే నిలబడి చూస్తావేంది? తప్పయిందని గుంజీళ్ళు తియ్యి."

నేను అమ్మ ముఖం చూశాను. అమ్మ నా వంక చూడలేదు. అందరి మధ్యా చెవులు పట్టుకుని గుంజీళ్ళు తీశాను. ఇంటిగలావిడే జాలిపడి "పోనీలే పాపం, చాల్లే" అంది. నా ప్రాణస్నేహితురాలు వాళ్ళమ్మ వెనక నిలబడి జడకుచ్చులు సరిచేసుకుంటోంది. డాబా సంగతి ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. పొద్దుగూకే వేళకి తలుపు ఎప్పటిలాగే తీసి ఉంది.

ఆ పిల్ల చేసింది నేను మరిచిపోగలను. దెబ్బలకి భయపడి పిల్లలు అంతకన్నా పెద్ద అబద్ధాలాడతారు. చప్టా మీద అమ్మ అన్నదాన్ని కూడా, పెద్దయి బిడ్డని కన్నాక, ఒక మేరకు అర్థం చేసుకున్నాను. నాకు కొరుకుడు పడనిది ఇంట్లో జరిగింది. నాన్న గోడౌను నుంచి వచ్చాడు. విషయం సందు మొదట్లోనే ఆయన చెవిన పడింది. "ఎందుకట్ల చేస్తివి తల్లీ? పరాయి ఊళ్ళో మన పరువేం కావాల?" అన్నాడు, తిట్టకుండా, చాలా దిగులుగా. అక్కడ బయటివాళ్ళెవరూ లేరు. అమ్మ నాన్నకి అన్నం వడ్డిస్తోంది. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. అమ్మ మజ్జిగ పోసి, ఉప్పు వేసి, గిన్నెలు సర్దుకుంది. ఆ రోజు నేను అమ్మతో మాట్లాడటం మానేశాను. అమ్మ గమనించినట్టే లేదు.

వానలు పడ్డాక ఇంటిగలావిడ పెద్దకూతురికి పండులాంటి మగపిల్లాడు పుట్టాడు. బూజు శకునం వట్టిదైపోయింది. మా వాటాకి మొదటి మిఠాయి ఆవిడే స్వయంగా తెచ్చింది. ఆ పిల్ల ఏమీ జరగనట్టు వచ్చి "ఆడుకుందాం రా" అంది. వెళ్ళాను. వేరే ఎవరున్నారు నాకు? కానీ ఎక్కడ ఏది పోయినా, ఏ గ్లాసు పగిలినా, అందరి కళ్ళూ ఒకసారి నా మీదికి వచ్చి వెళ్ళేవి. కొండపిల్ల మనలో కలిసిపోయిందన్న మాట మళ్ళీ ఎవరూ అనలేదు. ఒక్కోరోజు మా కొండమీది గుమ్మం, ఆ కట్టెల మోపు గుర్తొచ్చేవి. ఆ ముసలామెకి నేనేనాడూ ఒక మంచిమాట చెప్పలేదే అని ఏడుపొచ్చేది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. కాంప్లెక్సు లేచింది. డాబాల మీద ఎవరూ పడుకోరు, ఆవకాయ కొట్లో కొనుక్కుంటారు. తమ్ముడు బాగానే ఉన్నాడు, ఎండంటే వాడికి లెక్కలేదు. అమ్మ మాత్రం ఆ కథని వదల్లేదు. పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో, పచ్చళ్ళ మాటొస్తే చాలు, "మా అమ్మి తడిచెయ్యి పెట్టి ఇంటిగలామె జాడీ అంతా బూజు పట్టించింది" అని చెప్పి అందరినీ నవ్వించేది. నా పెళ్ళిలో మా అత్తగారికీ చెప్పింది. ఆవిడ బతికినన్నాళ్ళూ నన్ను పచ్చళ్ళ గిన్నె ముట్టుకోనివ్వలేదు.

ఆఖరి వేసవులు అమ్మ నా దగ్గరే గడిపింది. ఒక మధ్యాహ్నం వెల్లుల్లిపాయలు వలుస్తూ మా పనమ్మాయికి అదే కథ చెప్పింది. ఆ అమ్మాయి నవ్వుకుంటూ వెళ్ళాక నేను తలుపు వేసి వచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మా, ఆ జాడీలో చెయ్యి పెట్టింది నేను కాదు."

"తెలుసు" అంది అమ్మ, చేతిలో పని ఆపకుండా. "ఆ పిల్ల చెయ్యి కడిగింది నేనే కదా."

ఇన్నేళ్ళూ అమ్మ నిజంగానే మరిచిపోయి ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ ఊరటా పోయింది.

"మరి ఎందుకన్నావు?"

"ఆయమ్మ డాబా తలుపు మూసేసుంటే పిల్లోడు దక్కేవాడా?"

"నాన్నకైనా చెప్పొచ్చు కదా."

"చెప్పుంటే మీ నాయన గమ్మునుంటాడా? పొయ్యి కొట్లాడేవాడు. మళ్ళా అదే కత."

"సరే. తమ్ముడు దక్కాడు, నాన్న పోయాడు, ఆ ఇల్లే పోయింది. ఇంకా ఎందుకు చెబుతున్నావు? పనమ్మాయికి కూడా?"

అమ్మ చేతులు ఆగాయి. నిజంగానే ఆలోచించింది. "చెప్పీ చెప్పీ అలవాటైపోయిందే" అంది. తర్వాత నా ముఖం చూసి, కాస్త ఆశ్చర్యంగా, "అయినా నువ్వు గట్టిదానివి. నీకేమయింది?" అంది.

 నేను వెల్లుల్లి పొట్టు ఊడ్చి పారేశాను. ఆ వేసవి దాటాక అమ్మ పోయింది.

ఇవాళ లిఫ్టులో ఆ బెంగుళూరు అమ్మాయి మళ్ళీ కలిసింది. పక్కన స్కూలు బ్యాగుతో పాప. ఈసారి నేనే ఆపి, "ఎండ అలవాటైపోతుందమ్మా. మనుషులు కూడా మంచివాళ్ళే, కావాల్సినంత ఫ్రెండ్లీగా ఉంటారు. పాపకే కాస్త..." అన్నాను. నా మాట పూర్తికాలేదు.

"పాప గురించి నాకు టెన్షన్ లేదు ఆంటీ" అంది, పాప తల నిమిరి. "అది చాలా స్ట్రాంగ్. ఎక్కడైనా అడ్జస్ట్ అయిపోద్ది."

పాప లిఫ్టు అద్దంలో తన బూట్లు చూసుకుంటోంది.

"ఆ మాట పాప చెప్పిందా, నువ్వే చెబుతున్నావా?" అన్నాను.